భూకంపం బర్రె

ముచ్చరాల దొరకు నాలుగూర్ల మీద హుకుం నడిచేది. ఆ దొర మీద మాత్రం ఒక బర్రె హుకుం నడిచింది. నమ్మకుంటే మీ ఇష్టం, నాకు పోయేదేం లేదు. ఆ ఊరు నార్కట్‌పల్లి సడక్‌కు కోసెడు దూరం. పోయి అడుగుండ్రి, ముసలోళ్లు ముందుగాల నవ్వుతరు, నవ్వినంక చెప్తరు.

బర్రె హనుమమ్మది. ఆమె మొగుడు పోయి తొమ్మిదేండ్లు. ఉన్న రెండెకరాల చెల్క ఎప్పుడో దొర కోట, అదే గడి, దాని భూమిల కలిసిపోయింది. ఇగ ఆమెకు మిగిలింది దొడ్లె బర్రె, నోట్లె నాలుక. పాలు తోడేసి, పెరుగు కుండ నెత్తిన వెట్టుకొని సడక్ దాక నడిచి అమ్ముకొచ్చి, తనింత తిని మనుమరాలు లీలమ్మకింత పెట్టేది. ఆ యేడు బర్రె పాలు తగ్గుతున్నయ్. చలికాలంల దున్నపోతు దగ్గరికి తోలి కట్టించుకుంటెనే మళ్ల పాలు. చలి పోయిందంటే ఆ బర్రె మళ్ల చలి వచ్చేదాక ఎదకు రాదు, అది దాని తత్వం. ఏడాది పొడుగున ఒట్టి బర్రెను మేపుడు హనుమమ్మతోని అయ్యే పని కాదు.

పట్నంల నిజాం సర్కారు ఇండియాల కలుస్తదా కలువదా అని అందరు కొట్లాడుకునే రోజులు. ఊర్లల్ల సంఘం పుట్టింది. వెట్టి చేయొద్దు, దొరకు దండం పెట్టొద్దు అని సంగపోళ్లు చెప్పిపోతున్నరు. గసొంటి కార్తీకంల ఒకనాడు పొద్దుగాల హనుమమ్మ బర్రె ఎదకొచ్చింది. తలుగు తెంపుకున్నది, తోక లేపింది, గొంతు చించుకుంట గడి ముందటి బాట పట్టి ఉరికింది. అది పోతున్నది పక్క గూడెంల ఎల్లయ్య దున్నపోతు దిక్కు. తెగిన తాడు పట్టుకొని హనుమమ్మ దాని వెనుక.

దొర రఘుపతిరెడ్డి అప్పుడే మేడ మీద నిలబడి యాపపుల్లతోని పండ్లు తోముకుంటున్నడు. బర్రె గడి మలుపు తిరిగిందో లేదో, భూమి అదిరింది.

పెద్దగ ఏం కాలె. కుండలు గలగలమన్నయ్, కోళ్లు గోడలెక్కినయ్, గడి తూర్పు గోడకు జానెడు పగులొచ్చింది. ఊర్లె అందరికన్న ముందు తెలిసింది సాలె గండయ్యకు. గుంటల కాళ్లు వెట్టి మగ్గం నేసేటోడు గద, అదురు మొట్టమొదలు ఆయన అరికాళ్లకే తాకింది. బయటికొచ్చి “నా కాళ్లు జుమ్మన్నయ్, గప్పుడే అనుకున్న” అని ఎంత చెప్పినా ఎవ్వలు ఇంటరు? అందరి చూపు గడి మెట్ల మీద ఉన్నది. దొర ఒక చేత పంచె, ఒక చేత యాపపుల్ల పట్టుకొని మేడ దిగి వాకిట్లకు ఉరికొచ్చిండు మరి. పుట్టి బుద్ధెరిగినంక దొర ఉరుకుడు ఊరు చూసింది గప్పుడే.

గుండె దడ తగ్గినంక దొర అడిగిన మొదటి మాట, “ఇందాక అరుసుకుంట ఉరికిన బర్రె ఎవ్వలదే?”

“నాదే బాంచెన్” అన్నది హనుమమ్మ.

“ఎందుకు అరిచింది?”

ఇగ ఇక్కడ ఒక సంగతి చెప్పాలె. ఆ గడి ముందట చెప్పులేసుకొని నడువొద్దు, తలపాగ చుట్టుకొని నిలబడొద్దు, నీసు మాటలు మాట్లాడొద్దు. ఈ దొర నాయిన పెద్దదొర కాలంల ఒక ఆడామె ఆయన ఎదురుంగ “బర్రె ఎదకొచ్చింది” అన్నదని, ఎండల వంగబెట్టి నడుం మీద బండ ఎక్కించిండ్రు. ఆమె హనుమమ్మకు మేనత్త. చచ్చేదాక నడుం లేవకుంట బతికింది. గందుకే మాట గొంతుల్లెకు వచ్చినా హనుమమ్మ మింగేసింది.

“దానికి... జర మంచిగ లేదు దొరా.”

“దానికి కాదే, భూమికి మంచిగ లేదు! దానికి ముందే తెలిసింది!” అన్నడు దొర.

పక్కనే శేషగిరి పంతులున్నడు. గడి కాగితాలు రాసుడు, దొర ఏమంటె దానికి శాస్త్రం చూపుడు ఆయన పని. వెంటనే అందుకున్నడు. “మూగజీవాలకు భూమి కడుపుల సంగతి కనవడ్తది దొరా. శాస్త్రంల ఉన్నది.” ఏ శాస్త్రమో అడిగే మొనగాడు ఊర్లె ఇంకా పుట్టలేదు.

పొద్దు గూకకముందే జీతగాడు జంగయ్య వచ్చి బర్రెను గడిల కట్టేసిండు. హుకుం ఏందంటె, బర్రె గడిల ఉంటది, పాలు గడికి, మేత హనుమమ్మది, రెండు పూటలు వచ్చి పిండిపోవుడు కూడ హనుమమ్మదే. దున్నపోతు నీడ సుత దాని మీద పడొద్దు, పడితే దాని దృష్టి చెడుతదని పంతులు చెప్పిండు. హనుమమ్మ ఒట్టి తాడుతోని మళ్లింది. “నీ శాస్త్రం మీద మన్నువడ” అని ఇంటికొచ్చినంక అరగంట తిట్టింది. లీలమ్మ పెరుగు లేని జొన్న గటక ముందటేసుకొని ఇన్నది.

దొరకు ఇంకా తబ్బిబ్బు తీరలె. పట్నం నుంచి ఒక సాహెబును పిలిపించిండు. రాళ్ల చదువు చదివినాయన, సన్నగ, కండ్లద్దాలు. గోడ పగులు చూసిండు, వాకిట్ల బండ మీద చిన్న సుత్తెతోని కొట్టి చూసిండు. బర్రెను చూసిండు. బర్రె ఆయనను చూసింది.

“దొరగారూ, ఇది శాన పాత రాయి, గట్టిది. అయినా ఎప్పుడన్న జరంత కదులుతది. ఏ రోజు, ఏ గంటకు కదులుతదో ముందుగాల చెప్పేటోడు దునియల ఇంకా లేడు” అన్నడు సాహెబు.

“మనిషికి తెలువది. బర్రెకు?”

“పెద్ద అదురుకు ముందు సన్నటి అదురొకటి వస్తది. మనకన్న జంతువులకు అది ముందు తాకొచ్చు, కొన్ని సెకండ్లు, మహా అయితే ఒక నిమిషం. దినాల ముందు తెలుస్తదని మాత్రం నేను చెప్పలేను. భూమి అదిరినంక అందరికి యాదికొస్తది, నా కుక్క మొరిగింది, నా కోడి కూసింది అని. కుక్క రోజూ మొరుగుతది దొరగారూ, భూమి రోజూ అదరదు. మీకంత షక్ ఉంటె బర్రె అరిచిన దినాలు ఒక దిక్కు, భూమి అదిరిన దినాలు ఒక దిక్కు రాయించుండ్రి. రెండు పక్కపక్కన పెట్టి చూస్తె మీకే తెలుస్తది.”

పోయేముందు ఆయన బర్రె తోక దిక్కు ఒకసారి, పేడ తీస్తున్న హనుమమ్మ దిక్కు ఒకసారి చూసిండు. ఆయన పెదవి కొస జర వంగింది. ఆయనకు అర్థమైందని హనుమమ్మకు అర్థమైంది. కని ఆయన కూడ ఆ మాట నోట్లకెల్లి తీయలె. పట్నపోడైనా పాపం, నడుం అందరికీ ఉంటది.

దొరకు సాహెబు మాట రుచించలె. చల్లారిన అన్నం పెట్టి పంపిండు. పంతులు మాత్రం ఒక పుస్తకం కుట్టిండు. అందుల బర్రె అరిచిన దినాలు రాస్తడట. భూమి అదిరిన దినాల జాగా ఎందుకు పెట్టలేదని అడిగితె, “బర్రె అరిచిందంటెనే అదిరినట్టు” అన్నడు.

సరిగ్గ ఇరువై ఒకటో నాడు బర్రె అరిచింది.

అబ్బో, ఆ పొద్దు చూడాలె! దొర “పరుపులు! పరుపులు!” అని అరుసుకుంట బయటపడ్డడు. పల్లకి ఎక్కె ఓపిక లేక నడిచి, నడిచె ఓపిక లేక ఉరికి, ఊరి బయట చెల్కల నిలబడ్డడు. పంతులు పుస్తకం చంకల వెట్టుకొని ఆయన వెనుక. వంటోళ్లు కాగులతోని, కావలోళ్లు బరిసెలతోని, పెట్టెలు, పరుపులు, పాన్‌దాన్‌తోని సహా గడి మొత్తం చెల్కల పడ్డది. మూడు రోజులు అక్కడనే డేరాలు. దొరసాని లక్ష్మీనర్సమ్మ పెండ్లయి వచ్చినప్పటి నుంచి గడి గోడ దాటి ఎరుగదు. ఆమె డేరా ముందు పీట వేసుకొని, మెడ వెనక్కి వాల్చి, ఆకాశం దిక్కు చూసుకుంట కూసున్నది. ఆమెకు పుట్టింట్ల నలభై బర్రెలుండె. బర్రె ఎందుకు అరుస్తదో ఆమెకు తెలువకపోవుడేంది? తెలిసే కూసున్నది.

భూమి అదరలె. బర్రె మూడో నాటికి చల్లబడి గడ్డి మేసింది. “మీరు బయటికొచ్చిండ్రు, భూమి చూసింది, వెనుకకు పోయింది” అన్నడు పంతులు. దొర ఆయనకు శాలువ కప్పిండు.

మళ్ల ఇరువై ఒకటో నాడు బర్రె అరిచింది. మళ్ల డేరాలు. ఇగ ఊరికి లెక్క దొరికింది. దొర చెల్కల ఉన్న మూడు రోజులు గడిల ఊడ్చుడు లేదు, నీళ్లు మోసుడు లేదు, పిల్చేటోడు లేడు, కొట్టేటోడు లేడు. తాతల నాటి నుంచి వెట్టికి సెలవు అన్న మాట ఎరుగని ఊరికి ఇరువై ఒక్క దినాలకొకసారి పండుగ వచ్చింది. తెల్లారి అరుస్తదనంగ ఆడోళ్లు తలంట్లకు కుంకుళ్లు నానబెట్టుకున్నరు. చిన్నపిల్ల కాడికెల్లి ముసలవ్వ దాక అందరికి అసలు సంగతి తెలుసు. ఒక్కలన్న నోరిప్పితే ఒట్టు.

నోరిప్పాలని పానం కొట్టుకునేది హనుమమ్మ ఒక్కతికే. మూడోసారి డేరాలు లేచేటాళ్లకు పుష్యం సగమైంది. పాలు గిద్దెడుకొచ్చినయ్. చలి ఇంకొక్క నెల. ఈ నెల దాటితే బర్రె ఏడాది ఒట్టిది. దొర కాళ్ల మీద పడి చెప్పేస్త, నడుం మీద బండ ఎక్కిస్తె ఎక్కించనీ అనుకొని ఒకనాడు బయలెల్లింది.

గడి మలుపు దాక పోయిందో లేదో సోమన్న ఎదురైండు. సోమన్న ఆ ఊరి సంఘానికి పెద్ద. ముప్ఫైయేండ్లు సుత లేవు, మంచోడే, కని ఏం చెప్పినా మీటింగుల చెప్పినట్టే చెప్తడు.

“హనుమక్కా, నువ్వెటు పోతున్నవో నాకు తెలుసు. జర ఆగు. మొన్న దొర డేరాలల్ల ఉన్నప్పుడు మనం గడి గరిసెలు రెండు అడుగుకెల్లి విప్పినం, పైకి నిండుగనే కనవడ్తయ్. ఊరందరికి జొన్నలు పంచినం. నీకు సుత రెండు కుంచాలు ముట్టినయ్ గద. ఇంకా ఆరు గరిసెలున్నయ్. ఇంకో రెండుసార్లు బర్రె అరిస్తె ఊరు కరువు దాటుతది.”

“బర్రె అరుసుడు నీకు కావాలె. బర్రె కట్టుడు నాకు కావాలె. కట్టినంక అరువది. ఇగ ఎట్ల?”

“జర ఓపిక పట్టక్కా. మన రాజ్యం వచ్చినంక నీకు పది బర్రెలిప్పిస్తం.”

“నాకు పది ఎందుకురా? నా ఒక్కదాన్ని నాకియ్యుండ్రి. మీ రాజ్యం వచ్చేదాక నా లీలమ్మ ఏం తాగాలె? నీ మీటింగు కాగితాలు నానబెట్టి తాపాన్నా?”

సోమన్న సంగపోళ్లకు కబురు పెట్టిండు. తెల్లారి కమిటీ కూసున్నది. ఏడుగురు మొగోళ్లు, ఒక్కలకు సుత సొంత బర్రె లేదు. మూడు గంటలు మాట్లాడుకొని, ప్రజల మేలు కోసం హనుమమ్మ బర్రె ఈ యేడు కట్టకుంట ఉండాలె అని తీర్మానం చేసిండ్రు. సోమన్న వచ్చి చదివి వినిపించిండు.

హనుమమ్మ చాట కింద పెట్టింది. “దొర అన్నడు, దున్న నీడ పడొద్దని. మీరన్నరు, దున్న దగ్గరికి పోవద్దని. వానికీ మీకూ ఏం తేడారా? వాడు గోడ లోపట కూసొని నా బర్రె కడుపు మీద హుకుం ఇచ్చిండు, మీరు గోడ బయట కూసొని ఇచ్చిండ్రు. బర్రెనన్న అడిగిండ్రా?”

సోమన్న మొఖం మాడిపోయింది. కాగితం మలిచి జేబుల వెట్టుకున్నడు. పోనీ, చించలేదు. తీర్మానం గద.

ఆ పొద్దంత హనుమమ్మ మనసు మనసుల లేదు. దొరకు చెప్తే ఊరి పండుగ పోతది, ఊరి జొన్నలు పోతయ్, సంగపోళ్లు పట్టువడ్తరు. చెప్పకుంటె తన కుండ ఒట్టిది. మరునాడు పేడ తీస్తుంటె ఆమెకు తట్టింది. తట్టినంక తనను తానే తిట్టుకున్నది, ఇన్ని దినాలు బుర్రల ఏం పెట్టుకున్ననే అని. బర్రె అరిచిన నాడే గద గడి ఖాళీ అయ్యేది! దున్నపోతును రావద్దనేటోడు ఎవ్వడుంటడు?

మాఘంల బర్రె అరిచింది, డేరాలు నాలుగోసారి లేచినయ్. దొర పరుపులతోని ఉరికిండు. గడిల జంగయ్య ఒక్కడు కావలి. హనుమమ్మ పక్క గూడెం పోయి ఎల్లయ్య దున్నపోతును తోలుకొచ్చింది. నల్లగ, కొమ్ములు చెవుల వెనుక మెలి తిరిగి, దాని నడకే ఒక దర్జా. ఏ రైతు చెప్పులతోని దాటని గడి పెద్ద దర్వాజ ముందుకు వచ్చి నిలబడ్డది. జంగయ్య చూసిండు. దున్నను చూసిండు, హనుమమ్మను చూసిండు, బర్రె అరుపు ఇన్నడు. బర్రె కట్టిందంటె ఆ మూడు రోజుల తీరిక ఇంక రాదన్న సంగతి వానికి తెలుసు.

“నా పెండ్లాం తిడ్తదే అక్కా” అన్నడు. అంటనే దర్వాజ రెక్క బార్లా తీసిండు.

దున్నపోతు గడిలకు పోయింది. వంగలేదు, దండం పెట్టలేదు, నాలుగు గిట్టలు టకటకలాడించుకుంట దొర కచ్చేరి ముందటికెల్లి నడిచింది. నడిమిట్ల ఆగి, పంతులు కూసుండే అరుగు మీద పేడ వేసి, మళ్ల నడిచింది. అదే టైముకు గరిసెల కాడ సోమన్న, ఇంకో పదిమంది జొన్నలు మూటలు కడ్తున్నరు.

“అక్కా! తీర్మానం!” అని మూట వదిలేసి ఉరికొచ్చిండు సోమన్న.

“మీ పని మీరు చేసుకోండ్రి. దాని పని అది చేసుకుంటది” అన్నది హనుమమ్మ.

ఆపుదామని సోమన్న ఒక అడుగు ముందుకేసిండు. దున్నపోతు తల తిప్పి చూసింది. సోమన్న అడుగు వెనుకకేసిండు. దొర ముందట వంగనోడు ఆ పొద్దు వంగి జొన్నల మూట ఎత్తుకున్నడు.

మళ్ల ఇరువై ఒకటో నాడు ఊరంత కుంకుళ్లు నానబెట్టుకొని చెవులు రిక్కించి కూసున్నది. బర్రె అరవలె. మరునాడు అరవలె. నెల దాటింది. ఆడోళ్లు హనుమమ్మతోని మాట్లాడుడు బంద్ వెట్టిండ్రు. “నీ పాల కోసం ఊరి పండుగ మింగితివి గదనే” అన్నది పక్కింటి నర్సింగమ్మ. మాట పుల్లలెక్క గుచ్చుకున్నది. హనుమమ్మ ఏడ్చింది కూడ. కని రోజూ బర్రె పొట్ట మీద చెయ్యి వేసి చూసుకుంటె ఆ ఏడుపు ఆగేది.

దొర సంబురం ఇంతంత కాదు. “భూమి సల్లబడ్డది, మన బర్రె లక్ష్మి అదిమి పట్టింది” అన్నడు పంతులు. బర్రెకు కొమ్ములకు పసుపు, మెడల పూలదండ. ఇంటికి తోలుకపోత అన్న హనుమమ్మను కసిరి కొట్టిండ్రు. పాలు పూర్తిగ ఎండినయ్. “భూమికి ధారపోసింది” అన్నడు పంతులు. పొట్ట పెరిగింది. “గడి మేత పడ్డది” అన్నడు దొర. ఊరు మళ్ల నోరు మూసుకున్నది. ఈసారి సెలవు కోసం కాదు, ఇదంతా ఎక్కడి దాక పోతదో చూద్దామని. దొరసాని మాత్రం నెలకింత బెల్లం దాచి హనుమమ్మ చేతిల పెట్టేది, “దానికి పెట్టు, ఈనేటప్పటికి బలముండాలె” అని.

ధైర్యం వచ్చిన దొర రజాకార్లను పిలిచి గడిల దింపిండు. తుపాకులు, టోపీలు, గుర్రాలు. వాండ్లు వచ్చినంక ఊర్లె నవ్వులు బందైనయ్. గరిసెలు మళ్ల నిండినయ్. సోమన్న అడవి పట్టిండు. చుట్టుపక్కల దొరలందరు సామాన్లు కట్టుకొని పట్నం పోయిండ్రు. “నువ్వూ రా” అని కబురు పంపిండ్రు. దొర నవ్విండు. “మీకు బర్రె లేదు” అని జవాబు పంపిండు.

భాద్రపదం వచ్చింది. ఒకనాడు పొద్దుగాల గండయ్య మగ్గం గుంటలకెల్లి లేచి నేరుగ గడికి వచ్చిండు.

“దొరా, నా అరికాళ్లు జుమ్మంటున్నయ్. పోయినసారి అదిరి ఊకున్నది, ఈసారి ఆగుత లేదు. ఒక్క తీరుగ గుయ్యిమంటున్నది. సడక్ దిక్కుకెల్లి.”

రజాకార్లు ఒకని మొఖం ఒకడు చూసుకున్నరు. వాండ్లకు అరికాళ్ల శాస్త్రం ఎక్కువ తెల్వకున్నా సడక్ మీద ఏం వస్తదో తెలుసు. అరగంటల గుర్రాలు లేవు, టోపీలు లేవు. దొర మాత్రం కదలలె.

“జంగయ్యా, బర్రె ఏం చేస్తున్నది?”

“పండుకొని నెమరేస్తున్నది బాంచెన్.”

“అరవలేదా?”

“ఉస్సని సుత అనలె.”

“ఇగ నాకేం ఫికర్! సాలోని కాళ్ల మాట ఇని ఇల్లిడిచి పోతనా? వడ్డించుండ్రి!” అని పీట మీద కూసున్నడు.

నార్కట్‌పల్లి సడక్ మీద ఇండియా టాంకులు వరుసవెట్టి పోతున్నయని పగటి బువ్వ యాళ్లకు ఊరంతకు తెలిసింది. పప్పు కలుపుకున్న ముద్ద దొర నోటి కాడనే ఉన్నది. దర్వాజ ముందట జనం. చెప్పులేసుకున్నోళ్లు, తలపాగలు చుట్టుకున్నోళ్లు, కట్టెలు పట్టుకున్నోళ్లు. దొర ఎంగిలి చెయ్యి కడుక్కోకుంట వెనుక దిడ్డి దర్వాజలకెల్లి పడ్డడు. పంతులు ఆయన కన్న ముందే పడ్డడు, పుస్తకం మరిచిపోయి. దొర ఉరుకుడు ఊరు చూసింది అది ఆరోసారి. ఎవ్వలు తరుమలే, అందరు గరిసెల దిక్కు పోయిండ్రు.

అడవిలకెల్లి వచ్చిన సోమన్న గడ్డంతోని గుర్తు పట్టరాకుంట ఉన్నడు. “అక్కా, జొన్నలు కట్టుకో” అన్నడు. హనుమమ్మ తాడు విప్పుతున్నది. “నా చేతులు ఖాళీ లేవురా” అని, నిండు చూడి బర్రెను మెల్లగ నడిపించుకుంట పెద్ద దర్వాజలకెల్లి బయటికొచ్చింది. వెనుకకెల్లి సోమన్న అరిచిండు, “అక్కా, అది అరవకుంటెనే దొర ముందుగాల సర్దుకపోలె, మనకు మేలైంది! కమిటీ తప్పు!” హనుమమ్మ తిరిగి చూడలె. కని నర్సింగమ్మకు కనవడ్డది, ఆమె నవ్వుతున్నది.

మార్గశిరంల బర్రె ఈనింది. పెయ్యదూడ. లీలమ్మ జున్ను తిని మూతి తుడుసుకోకుంట ఊరంత తిరిగింది.

కథ ఇక్కడికి ఐపోతె ఎంత మంచిగుండు. కని పుష్యంల దొర తిరిగొచ్చిండు. రూమీ టోపీ పోయింది, తెల్ల ఖద్దరు టోపీ వచ్చింది. రజాకార్లు పోయిండ్రు, మిలిట్రీ వచ్చింది. సంగపోళ్ల కోసం ఇండ్లు సోదించిండ్రు. సోమన్నను తాళ్లతోని కట్టి లారీల ఎక్కించిండ్రు. భూములు మళ్ల దొరవే అన్నరు, జొన్నలు ఇంటింటికెల్లి మళ్ల గరిసెలల్ల పడ్డయ్. ఊరు తల వంచుకొని మోసింది. ఆఖరికి దొర హనుమమ్మ దొడ్డికొచ్చిండు. వెంబడి మిలిట్రీ అఫ్సర్, కాగితంతోని పంతులు, వాండ్ల వెనుక ఊరు.

“ఈ బర్రె గూడ నాదే. గడిలకెల్లి లూటీ చేసిండ్రు” అన్నడు దొర. అంటనే దూడను చూసిండు. చూసి ఆగిండు. ఆయన పెదవులు కదిలినయ్, వేళ్ల మీద నెలలు లెక్కబెడ్తున్నడు. నెల దూడ, అది పుట్టిన కాడికెల్లి పది నెలలు వెనుకకు పోతె మాఘం. మాఘంల బర్రె గడిల, తను డేరాల.

అఫ్సర్ ఉత్తరాది మనిషి, పొలం పనులు తెలిసిన చేతులు. దూడ వీపు నిమిరి, వచ్చీరాని మాటల అడిగిండు, “ఊరంత ఆమెదే అంటున్నది. ఆమె దొడ్లె బర్రె నీ గడిలకెట్ల వచ్చింది? రాయాలె గద. చెప్పు.”

దొర పంతులు దిక్కు చూసిండు. పంతులు భూమి దిక్కు చూసిండు.

హనుమమ్మకు మేనత్త వంగిన నడుం యాదికొచ్చింది. లారీల సోమన్న మొఖం యాదికొచ్చింది. ఆమె గొంతుల ఏడాది కింద మింగిన మాట ఇంకా అట్లనే ఉన్నది.

“నేను చెప్త సారూ. ఎదకొచ్చింది. నా బర్రె ఎదకొచ్చి అరిచింది. దొర భూకంపం వస్తున్నదనుకొని గుంజుకపోయి గడిల కట్టేసుకున్నడు. అది ఎదకొచ్చినప్పుడల్ల పరుపులెత్తుకొని చెల్కలకు ఉరికిండు. రాసుకోండ్రి. ఎద. ఎ-ద.”

అఫ్సర్‌కు ముందుగాల అర్థం కాలె. జంగయ్య చేతులతోని, అరుపుతోని చేసి చూపెట్టిండు. అర్థమైనంక ఆయన దొర దిక్కు తిరిగి, “ఎన్నిసార్లు?” అన్నడు. జంగయ్య నాలుగు వేళ్లు లేపిండు. అఫ్సర్ టోపీ తీసి మొఖానికి అడ్డం పెట్టుకున్నడు. ఆయన భుజాలు ఊగుతున్నయ్.

“రాయమంటరా దొరా?” అన్నడు పంతులు, కలం పట్టుకొని.

“రాయకు. అది... నాది కాదు” అన్నడు దొర. అని వెనుకకు మళ్లి పోయిండు.

ఆ పొద్దు ఊరికి మిగిలింది ఆ బర్రె, ఆ దూడ. మిగిలిందంత గడిలకు పోయింది. జనం నవ్వుకుంట ఇండ్లకు పోయిండ్రు, పోయి ఒట్టి కుండలు చూసుకున్నరు. హనుమమ్మ దొడ్లె కూసొని సోమన్న పేరు పెట్టి చానసేపు ఏడ్చింది.

శివరాత్రి దాటిన నాలుగో నాడు, చలి ఇంకా పోలె. గడిల మళ్ల వెట్టి నడుస్తున్నది, కాకపోతే దానికి సేవ అని పేరు వెట్టిండ్రు. పదిమంది వాకిలి ఊడుస్తున్నరు, నీళ్లు మోస్తున్నరు. అప్పుడు హనుమమ్మ దొడ్లెకెల్లి బర్రె అరిచింది.

చీపుర్లు ఆగినయ్. బిందెలు ఆగినయ్. ఇప్పుడు ఊరందరికి తెలుసు, దొరకు తెలుసు, మిలిట్రీకి సుత తెలుసు, అది ఎందుకు అరుస్తున్నదో. అందరు మేడ దిక్కు తలలెత్తిండ్రు. దొర పైనించి చూస్తున్నడు. అది అరిచిన నాడు ఏం కాలె, నిజమే. కని అది అరవని నాడే ఆయన కొంప కూలింది. ఇగ దాని అరుపును నమ్మాల్నా, మౌనాన్ని నమ్మాల్నా?

ముందుగాల దొరసాని వచ్చింది, చంకల మెత్త దిండు వెట్టుకొని, ఎవ్వల దిక్కు చూడకుంట, చెల్క తొవ్వ పట్టి. కొంచెం సేపటికి మేడ మీద తలుపు కిర్రుమన్నది. దొర మెట్లు దిగుతున్నడు, ఉరుకుతలేడు, చేతిల పరుపు చుట్ట ఉన్నది.

జంగయ్య చీపురు గోడకు ఆనించి బీడి ముట్టిచ్చిండు. మిగిలినోళ్లు బిందెలు బోర్లేసి అరుగు మీద కూసున్నరు. ఆ ముందటికెల్లే హనుమమ్మ బర్రెను తోలుకొని ఎల్లయ్య గూడెం దిక్కు పోతున్నది. గడి మలుపు కాడ నర్సింగమ్మ ఎదురొచ్చి చేతులు పట్టుకున్నది.

“అక్కా, జర మెల్లగ నడువే, పండుగ గద” అన్నది.

“మెల్లగనే పోతున్ననే” అన్నది హనుమమ్మ.